మాచికాయ సిరాతో ముఖాలు: సాధన ఎంతవరకు వచ్చింది

డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ తైలవర్ణ చిత్రాలు గొప్పవే. నా మనసు మాత్రం ఆయన సిరాతో గీసుకున్న చిన్న కాగితాల దగ్గరే ఆగిపోతుంది. 1654 ప్రాంతంలో కుంచెతో గీసిన నిద్రపోతున్న యువతి బొమ్మ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దుస్తులకు వెడల్పైన ఊపులు, ముఖానికి నాలుగైదు సన్నని గీతలు. అంత తక్కువతో నిద్ర బరువు ఎలా వచ్చిందో అర్థం చేసుకోవాలనే ఈ సాధన మొదలుపెట్టాను.

ముందు నకళ్లు తీశాను. బొమ్మ ఆకారం కంటే ఏ గీత ముందు పడింది, ఏది దాని మీద పడింది అన్నదే చూస్తున్నాను. ఆయన ముఖాల్లో చాలాసార్లు లేత గీతలు తల వంపును వెతుకుతాయి, తర్వాత ముదురు గీతలు కొన్ని చోట్లే పడతాయి: పై కనురెప్ప, ముక్కు కింద నీడ, పెదవుల మధ్య. వెలుతురు పడే చెంపకు గీతే ఉండదు. ఆ ఖాళీని వదిలే ధైర్యమే నాకు అన్నిటికంటే ఆలస్యంగా వస్తోంది.

సిరా సంగతి. ఆయన కాలంలో మాచికాయ, అన్నభేది (ఇనుప లవణం)తో చేసిన సిరా బాగా వాడుకలో ఉండేది. రెండూ ఇక్కడ విశాఖలో పూర్ణా మార్కెట్ వైపు మూలికల దుకాణంలో దొరికాయి. మూడు పాళ్లు మాచికాయ పొడిని నీళ్లలో కొన్ని రోజులు నానబెట్టి వడకట్టాలి. రెండు పాళ్లు అన్నభేది, ఒక పాలు తుమ్మ జిగురు కలపాలి. గీసినప్పుడు లేతగా ఉండి, గాలి తగిలాక నల్లబడుతుంది. వందల ఏళ్లకు గోధుమరంగుకు తిరుగుతుంది. పాత బొమ్మలు చాలావాటిలో మనం చూసే రంగు అదే. ఇది ఆమ్లం కాబట్టి ఉక్కు పాళీని తినేస్తుంది, కాగితాన్నీ మెల్లగా కొరుకుతుంది. ఫౌంటెన్ పెన్నులో అసలు పోయకూడదు. నేను వెదురు కలం చెక్కుకున్నాను: ఏటవాలు కోత, కొనలో చిన్న చీలిక. సిరా తొందరగా అయిపోయి గీత మధ్యలో గరుకుగా విరుగుతుంది. గడ్డాలకు, నెరిసిన కనుబొమలకు ఆ విరుపు ఎంత అందంగా ఉంటుందో!

విశాఖ గాలిలో తేమ ఎక్కువ. పల్చటి నోటు పుస్తకంలో సిరా పాకిపోతుంది. మందమైన 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల) కాగితం నయం, దాన్ని జిప్ కవరులో ఉంచుతాను.

మనుషులను గీయడానికి ఆర్కే బీచ్‌కు ఉదయమే వెళ్తున్నాను. సూర్యుడు సముద్రం మీదుగా వస్తాడు కాబట్టి, గట్టు మీద కూర్చున్న వాళ్లను పక్కనుంచి చూస్తే ముఖంలో సగం వెలుగు, సగం నీడ స్పష్టంగా విడిపోతాయి. సాయంత్రం వెలుతురు వాళ్ల వెనుక, ఊరి వైపు నుంచి వస్తుంది, ముఖాలు చప్పగా కనిపిస్తాయి. అడిగే గీస్తాను. పల్లీలు అమ్మే పెద్దాయన, ఇంకా కనుబొమలు, రెప్పలు మాత్రమే పడ్డ కాగితం చూసి, “కళ్లు నావే బాబూ” అన్నారు. గడ్డం గీయకుండా అక్కడే ఆపేశాను.

నోరు ఇంకా లొంగడం లేదు. కింది పెదవికి గీత మానేసి, దాని కింద నీడ మాత్రమే పెడితే కొంత బాగుంటోంది. ఇకమీదట చేపల రేవులో వేలం పాడే ఆడవాళ్లను గీయాలని ఉంది, నోరు కదులుతూ ఉండగానే. అందుకు సిరాను నీళ్లతో పల్చన చేసి రెండు సీసాల్లో సిద్ధం చేస్తున్నాను, లేతది ఒకటి, ముదురుది ఒకటి.