డేట్ ముందే చెప్పి వచ్చే వార్తలు

కంపెనీ తరఫున ఆర్టికల్స్ రాసే పని నాకు అప్పజెప్పిన కొత్తల్లో పొద్దున్నే ఒక పది న్యూస్ సైట్లు తెరిచి, ఏది పెద్ద హెడ్డింగ్‌తో కనిపిస్తే దాన్ని పట్టుకుని రాసేసేదాన్ని. నేను రాసేసరికి సాయంత్రం, పైవాళ్ళు చూసేసరికి మర్నాడు, వాళ్ళు చెప్పిన మార్పులన్నీ చేసి పెట్టేసరికి మూడో రోజు, అప్పటికి ఆ వార్త చద్దిపోయేది. పైగా అదే సంగతి రిపోర్టర్లున్న పెద్ద పత్రికలు ఎప్పుడో రాసేసి ఉంటాయి, ఇంక మనది ఎవరు చదువుతారు చెప్పండి.

ఏడాది పైన ఇలా అవస్థ పడ్డాక తెలిసొచ్చింది, బిజినెస్ చేసేవాళ్ళకి నిజంగా పనికొచ్చే వార్తలు చాలావరకు ముందే డేట్ చెప్పి మరీ వస్తాయని. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోతుందని ఏళ్ళ ముందే తెలుసు. జనాల వివరాలని కంపెనీలు ఎలా వాడాలో చెప్పే యూరప్ చట్టం జీడీపీఆర్ 2016లో పాసైంది, అమల్లోకి వచ్చింది 2018 మే 25న, అంటే రెండేళ్ళ టైముంది, అయినా ఆఖరి వారంలో గానీ జనాలకి మెలకువ రాలేదు (ఆ వారం అందరి ఇన్‌బాక్సులూ ప్రైవసీ పాలసీ మెయిల్స్‌తో నిండిపోయాయి, గుర్తుందా). అలాగే రోజుకి 5000కి పైగా మెయిల్స్ పంపేవాళ్ళకి జీమెయిల్ పెట్టిన కొత్త రూల్స్, డీమార్క్ రికార్డ్ (మన పేరుతో వేరేవాళ్ళు దొంగ మెయిల్స్ పంపకుండా చూసే సెట్టింగ్) ఉండాలి, ఒక్క క్లిక్‌తో అన్‌సబ్‌స్క్రైబ్ అవ్వాలి లాంటివి, 2023 అక్టోబర్‌లో చెప్పి 2024 ఫిబ్రవరి నుంచి మొదలుపెట్టారు. ఇలాంటిదొకటి దొరికితే నేను మూడు రాస్తా. ప్రకటన రాగానే చిన్నది, ఏం మారబోతోందని. డేట్‌కి నెల ముందు పెద్దది, ఏ సెట్టింగ్ ఎక్కడ మార్చాలో స్క్రీన్‌షాట్లతో సహా. డేట్ దాటాక ఇంకోటి, మెయిల్స్ వెనక్కొచ్చేస్తున్నాయి ఏం చెయ్యాలి అని. నిజం చెప్పాలంటే ఎక్కువమంది చదివేది ఈ మూడోదే, ఎందుకంటే మనుషులు నెత్తి మీదకి వచ్చేదాకా వెతకరు, అందులో నేనూ ఉన్నా.

మరి హఠాత్తుగా వచ్చే వాటి సంగతేంటి అంటారా. 2021 మార్చి 23న ఎవర్ గివెన్ అనే 400 మీటర్ల ఓడ సూయజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కుపోయింది కదా, మొదటి రోజంతా ఫోటోలు, జోకులే. కానీ సరుకు సముద్రం మీద ఉన్న వ్యాపారికి కావాల్సింది జోకు కాదు, నా కస్టమర్‌కి ఏం చెప్పాలి, ఇన్సూరెన్స్ వస్తుందా, ఇంకెన్నాళ్ళు లేటవుతుంది అనేవి. ఆరు రోజులకి ఓడ బయటపడ్డా వెనక 400 దాటి ఓడలు క్యూలో ఉన్నాయి, తర్వాత పోర్టుల్లో రద్దీ, అంటే న్యూస్ చానళ్ళు వదిలేశాక కూడా ఆ ప్రశ్నలు బతికే ఉన్నాయి. మనలాంటి మూడు రోజుల వెనకబడ్డ వాళ్ళకి చోటు దొరికేది సరిగ్గా అక్కడే.

ఆ ప్రశ్నలు ఎక్కడ దొరుకుతాయి అంటే మన కస్టమర్ సపోర్ట్ వాళ్ళ దగ్గర, వేరే దారి లేదు. వారానికోసారి వాళ్ళ పక్కన కూర్చుని ఈ వారం కొత్తగా ఏం అడిగారు అని అడుగుతా, అంతే. గూగుల్ అలర్ట్స్ (మనం ఇచ్చిన పదం కొత్తగా ఎక్కడ కనిపించినా మెయిల్ పంపేది) కూడా వాడతా, కాకపోతే పదాన్ని కోట్స్‌లో పెట్టకపోతే చెత్తంతా వచ్చి పడుతుంది. గూగుల్ ట్రెండ్స్ (ఏ పదాన్ని జనం ఎంత వెతుకుతున్నారో గీతలా చూపించేది) చూసేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, అక్కడ కనిపించే 100 అంటే వంద మంది వెతికారనీ కాదు, వంద శాతం అనీ కాదు, మనం ఎంచుకున్న కాలంలో ఆ పదం అన్నిటికన్నా పైకెళ్ళిన చోటు, అంతే. తక్కువమంది వెతికే పదానికి కూడా 100 వస్తుంది, నేను ఒకసారి ఆ గీత చూసి పొంగిపోయి రెండు రోజులు కూర్చుని రాసిన దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఇంకో మాట, అవతలివాడు మునిగినప్పుడు మన సరుకు అమ్ముకునే ఆర్టికల్ వద్దు. 2024 జులై 19న ఒక సెక్యూరిటీ అప్‌డేట్ దెబ్బకి దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కూలబడ్డాయి, ఆ రోజే మావైపు రండి అని రాసినవాళ్ళు నాకైతే చీదర పుట్టించారు. ముందు మెషీన్ ఎలా లేపాలో చెప్పాలి కదా.

డేట్ ముందే చెప్పారని పూర్తిగా నమ్మడానికీ లేదు లెండి. థర్డ్ పార్టీ కుకీలు (మనం చూసే సైటు కాకుండా వేరేవాళ్ళు మనల్ని గమనించడానికి బ్రౌజర్‌లో పెట్టే చిన్న ఫైళ్ళు) ఇంకో రెండేళ్ళలో తీసేస్తామని ఒక పెద్ద బ్రౌజర్ వాళ్ళు 2020లో చెప్పారు, మూడు సార్లు వాయిదా వేశారు, 2024 జులైలో అసలు ఆ ఆలోచనే పక్కన పెట్టేశారు. అప్పుడు మొదలుపెట్టిన డ్రాఫ్ట్ ఇంకా నా ఫోల్డర్లో ఉంది, పైన డేట్ మూడు సార్లు కొట్టేసి మార్చింది.