లినక్స్ కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) ఉండే బీజెడ్‌ఇమేజ్ ఫైల్ పేరులో బీజెడ్ అంటే బీజిప్ అనే కంప్రెషన్ పద్ధతి కాదంట!

చాలా ఏళ్ళు నేనూ అదే అనుకున్నా, తీరా చూస్తే అది బిగ్ జెడ్‌ఇమేజ్. పాత జెడ్‌ఇమేజ్ కింది మెమరీలో లోడ్ అయ్యేది, 512 కేబీ దాటితే పట్టేది కాదు, అందుకే కెర్నల్‌ని 1 ఎంబీ పైన లోడ్ చేసే ఈ పెద్దన్న వచ్చాడు.

నిన్న రాత్రి నిద్ర పట్టక /బూట్‌లో వీఎంలినక్స్‌జెడ్ పేరుతో ఉన్న ఆ బీజెడ్‌ఇమేజ్ ఫైల్‌ని, బైట్లని విడివిడిగా చూపించే హెక్స్‌డంప్‌లో తెరిచా. మొదటి రెండు బైట్లు ఎమ్, జెడ్! అదేంటి, విండోస్ ఈఎక్స్‌ఈ లాగా ఉందేంటి అని బిత్తరపోయా, తర్వాత వెలిగింది, కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే ఫర్మ్‌వేర్ యూఈఎఫ్‌ఐ దీన్ని నేరుగా నడపడానికి ఆ వేషం. 510వ బైట్ దగ్గర 55 ఏఏ, అంటే ఫ్లాపీ కాలం నాటి బూట్ సెక్టర్ గుర్తు ఇంకా అలాగే ఉంది. 514 దగ్గర హెచ్‌డీఆర్‌ఎస్ అనే నాలుగక్షరాలు, కెర్నల్‌ని మెమరీలోకి ఎక్కించే బూట్‌లోడర్ వెతికేది వీటినే.

అసలు కిటుకు 497వ బైట్‌లో ఉంది, మొదట నడిచే సెటప్ కోడ్ ఎన్ని 512 బైట్ల సెక్టర్లో చెప్పేది అదే. నా ఫైల్లో 39. దానికి బూట్ సెక్టర్ ఒకటి కలిపి 512తో గుణిస్తే 20480, సెటప్ కోడ్ అక్కడితో అయిపోయి 32 బిట్ కోడ్ మొదలవుద్ది. కంప్రెస్ చేసిన అసలు కెర్నల్ దాని లోపల ఇంకో పొర, ఉల్లిపాయే అనుకోండి, కాకపోతే కన్నీళ్ళు ముందే వచ్చేశాయి.