"ఆ వచ్చేస్తున్నా" అనే మాటకి ఇంగ్లీషు చుట్టం

అమ్మ అన్నానికి రమ్మని మూడోసారి పిలిచింది, నేనూ మూడోసారి "ఆ వచ్చేస్తున్నా" అనేసి ల్యాప్‌టాప్ ముందు నుంచి కదల్లేదు. అప్పుడు చదువుతున్నదేమో అనాన్ అనే పాత ఇంగ్లీషు మాట గురించి, నవ్వొచ్చింది.

ఇప్పుడు దీన్ని వాడితే సరదాకే వాడతారు, కాసేపట్లో అని అర్థం. (నెట్లో కనిపించే అనాన్ వేరు, అది ఎనానిమస్‌ని కత్తిరించింది, దీనికి ఏ సంబంధం లేదు.) కానీ పుట్టినప్పుడు దీని అర్థం కాసేపట్లో కాదు. పాత ఇంగ్లీషులో రెండు ముక్కలు, ఆన్ ఆన్ అని, రెండోదే ఇప్పటి వన్. "ఒకటిలోకి" అని, మనం ఒక్క ఉదుటున అంటాం చూడండి, ఇంచుమించు అలా, తర్వాత వెంటనే అనే అర్థం వచ్చింది. 1611 కింగ్ జేమ్స్ బైబిల్లో కూడా ఆ అర్థం కనిపిస్తుంది, మత్తయి 13లో రాతినేల మీద పడ్డ విత్తనం కథలో వాక్యం విని అనాన్ సంతోషంగా అంగీకరించేవాడు అని ఉంటుంది, మన తెలుగు బైబిల్లో అక్కడ "వెంటనే" అని ఉంది.

మరి వెంటనే కాస్తా కాసేపట్లో ఎందుకైంది అంటే, నాలాంటి వాళ్ల వల్లే! షేక్‌స్పియర్ హెన్రీ ది ఫోర్త్ మొదటి భాగంలో ఫ్రాన్సిస్ అని మద్యం అందించే కుర్రాడు ఉంటాడు, యువరాజు వాణ్ణి కావాలని మాటల్లో పెడతాడు, అతని ఫ్రెండేమో పక్క గదిలోంచి ఒకటే పిలుపులు, పాపం వాడు కదల్లేక "అనాన్, అనాన్ సర్" అని అరుస్తూనే ఉంటాడు. అచ్చం రద్దీగా ఉన్న టిఫిన్ సెంటర్లో "వస్తున్నా సార్" అన్నట్టే. ఇలా అని అని రాకపోతే ఆ మాటనెవరు నమ్ముతారు?

సూన్ కూడా అంతే, పాత ఇంగ్లీషులో వెంటనే అనే అర్థం. ప్రెజెంట్లీ కూడా అదే దారి పట్టింది, మన ఆఫీసు మెయిల్స్‌లో మాత్రం ప్రస్తుతం అని వాడేస్తాం, అది తప్పంటారు గానీ ఆ వాడుకా పాతదే.

ఇదంతా చదివి లేచేసరికి పప్పుచారు చల్లారిపోయింది, అమ్మ నాలుగోసారి పిలవలేదు.