రొయ్యల రైతు ఖాతా సంఖ్యకు తాళం

ఇందుకూరుపేటలోని ఒక రొయ్యల కొనుగోలు సంస్థ కోసం మేము రాస్తున్న చెల్లింపుల ప్రోగ్రాములో, రైతుల బ్యాంకు ఖాతా సంఖ్యలనూ పాన్ సంఖ్యలనూ ఎన్‌క్రిప్ట్ చేసే (కీ అనే రహస్య సంఖ్య ఉంటే తప్ప చదవలేని రూపంలోకి మార్చే) పనికి ఈ రోజంతా సరిపోయింది. నెల్లూరులోని మా ఆఫీసులో కూర్చునే ఇది చేయవచ్చు గానీ, ఆ సంఖ్యలు ఎవరి చేతికి వస్తాయో, ఎవరు కంప్యూటరులోకి ఎక్కిస్తారో, డబ్బు పంపేటప్పుడు ఎవరు చూస్తారో కళ్లారా చూడకుండా అనుమతులు రాయడం నాకు నచ్చదు. అందుకే మా జట్టులోని కుర్రవాడిని వెంటబెట్టుకొని ముసురులోనే అక్కడికి వెళ్లాను.

దాచవలసిన సమాచారం పరిమాణంలో చాలా చిన్నది. స్టేట్ బ్యాంకు ఖాతా సంఖ్య 11 అంకెలు, పాన్ 10 అక్షరాలు, అంతే. కానీ మూడు నాలుగు నెలలు చెరువు గట్టు మీద కాపలా కాసి, రాత్రిళ్లు నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోతాయేమోనని నిద్రలేకుండా గడిపి, తెల్లమచ్చ రోగం రాకముందే పట్టుబడి చేసిన (రొయ్యలు పట్టి అమ్మిన) రైతుకు, ఆ పంట మొత్తం సొమ్ము చేరేది ఆ పదకొండు అంకెల దారినే. కాబట్టి దీన్ని చిన్న విషయమని నేను ఏనాడూ అనుకోలేదు.

మొదట తేల్చుకోవలసింది ఏ సంఖ్యలు అసలు అక్కర లేదన్నది. సంస్థ యజమాని ఆధార్ సంఖ్యలు కూడా ఉంచుకుందామన్నారు. చెల్లింపుకు వాటితో పని లేదనీ, 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత ప్రైవేటు సంస్థలు ఇష్టం వచ్చినట్టు ఆధార్‌ను అడగడానికి వీలు లేదనీ వివరించాను. ఆయన అభ్యంతరం చెప్పలేదు. ఎంత గట్టిగా ఎన్‌క్రిప్ట్ చేసినా, అసలు మన దగ్గర లేని సంఖ్యకు ఉన్నంత భద్రత దానికి ఉండదు.

"అన్నా, హ్యాష్ చేసి పెడితే చాలదా, మళ్లీ ఈ కీలు, క్లౌడ్ ఎందుకు?" అని మా కుర్రవాడు అడిగాడు. మంచి ప్రశ్న. హ్యాష్ అంటే ఒక సంఖ్య నుంచి ఎప్పుడూ ఒకేలా వచ్చే గుర్తును లెక్కకట్టడం. అలా చేస్తే తిరిగి అసలు సంఖ్య రాదు గనుక డబ్బు పంపడానికి అది పనికిరాదన్నది ఒక కారణం. అంతకంటే ముఖ్యమైన కారణం, చిన్న సంఖ్యలకు హ్యాష్ నిజమైన రక్షణ కాదు. ఉదాహరణకు, మన దేశంలో మొబైల్ నంబరు 6 నుంచి 9 లోపు అంకెతో మొదలయ్యే పది అంకెల సంఖ్య. అంటే సాధ్యమైన నంబర్లన్నీ కలిపి 400 కోట్లే. వాటన్నిటికీ వరసగా హ్యాష్ కట్టి పోల్చి చూడడం మామూలు కంప్యూటరుకు కొన్ని నిమిషాల పని. బ్యాంకు ఖాతా సంఖ్యలకు శాఖల వారీగా, కాలం వారీగా వరసలు ఉంటాయి కాబట్టి, తెలివైన దొంగకు అక్కడ కూడా వెతకవలసిన మేర తగ్గిపోతుంది.

ఇక మామూలుగా ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ కీని అదే సర్వరులో ఒక ఫైలులో పెట్టడం ఎక్కువమంది చేసే పని. సర్వరు ఎవరి చేతికి చిక్కినా కీ కూడా వారికే చిక్కుతుంది. అందుకే మేము ఎంచుకున్నది, అమెజాన్ తన క్లౌడ్‌లో (ఇంటర్నెట్ ద్వారా అద్దెకిచ్చే కంప్యూటర్లలో) 2014లో కేఎంఎస్ పేరుతో మొదలుపెట్టిన కీ సేవ. అందులో కీ ఎన్నడూ బయటికి రాదు. హార్డ్‌వేర్ సెక్యూరిటీ మాడ్యూల్ అనే యంత్రంలోనే ఉంటుంది. మనం సమాచారాన్ని అక్కడికి పంపితే ఏఈఎస్-256 అనే ప్రామాణిక పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసి తిరిగి ఇస్తుంది. నేరుగా ఇలా పంపగలిగేది 4,096 బైట్ల వరకే. తెలుగులో రాసిన చిరునామా కూడా పంపాలనుకున్నాం గనుక లెక్క చూశాం: అక్షరాలను కంప్యూటరులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, ఒత్తు కలిపే గుర్తుకూ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి, ఒక్క 'రొయ్య' అన్న మాటకే 15 బైట్లు. అయినా చిరునామా ఆ పరిమితికి చాలా లోపలే ఉంటుంది. పాసుపుస్తకం ఫొటో మాత్రం పట్టదు; దాని కోసం కేఎంఎస్ నుంచి డేటా కీ అనే వేరే కీని తెప్పించుకొని, దానితో ఫొటోను మన దగ్గరే ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ డేటా కీని ఎన్‌క్రిప్ట్ అయిన రూపంలో పక్కన దాచుకోవాలి. చిన్న సంఖ్యలకు ఈ రెండంచెల పద్ధతి తెచ్చిపెట్టి ప్రోగ్రామును బరువెక్కించడం నాకు అనవసరమనిపించింది.

ఈ రోజు ఎక్కువ సేపు ఆలోచించింది మాత్రం మరొక సంగతి గురించి. డేటాబేస్‌లో మార్పులు చేయగలిగిన మనిషి ఒకడు దుర్బుద్ధితో ఉన్నాడనుకుందాం. అతడికి ఏ రైతు ఖాతా సంఖ్యా చదవడం రాకపోవచ్చు. కానీ తన పేరుతోనే రైతుగా నమోదు చేసుకొని, తన వరుసలో ఉన్న ఎన్‌క్రిప్ట్ అయిన విలువను తీసి పెద్ద పట్టుబడి ఉన్న మరో రైతు వరుసలో అతికిస్తే? చెల్లింపు రోజున ప్రోగ్రాము దాన్ని ఏ అనుమానమూ లేకుండా విప్పి, ఆ రైతు డబ్బును ఇతడి ఖాతాకు పంపేస్తుంది. ఎన్‌క్రిప్షన్ చెక్కు చెదరకుండానే దొంగతనం జరిగిపోతుంది. దీన్ని అడ్డుకోవడానికే ఎన్‌క్రిప్షన్ కాంటెక్స్ట్ అనే ఏర్పాటు ఉంది. ఎన్‌క్రిప్ట్ చేసేటప్పుడు రైతు నమోదు సంఖ్యనూ, అది ఏ రకం వివరమో ఆ పేరునూ జతగా ఇస్తాము. విప్పేటప్పుడు అవే మాటలు, అక్షరం తేడా లేకుండా ఇస్తే తప్ప కేఎంఎస్ విప్పదు. నకిలీ పేర్లతో పెట్టుకున్న పరీక్ష వరుసల్లో రెండిటి విలువలను అటూ ఇటూ మార్చి చూశాము. రెండూ తిరస్కరణకు గురయ్యాయి. ఆ ఎర్రటి దోష సందేశం చూసి నాకు కలిగినంత తృప్తి, సవ్యంగా నడిచిన పరీక్షలు చూసినప్పుడు కూడా కలగలేదు.

కాంటెక్స్ట్‌లో మొబైల్ నంబరు పెడదామని మా వాడు సూచించాడు. వద్దన్నాను, ఎందుకంటే కాంటెక్స్ట్ రహస్యం కాదు. కేఎంఎస్‌కు పంపే ప్రతి పిలుపుతో (అభ్యర్థనతో) పాటు, ఎవరు ఎప్పుడు ఏం చేశారో రాసిపెట్టే అమెజాన్ వారి క్లౌడ్‌ట్రయల్ లాగ్‌లో అది మామూలు పాఠంగానే నమోదవుతుంది. పైగా రైతు నంబరు మార్చుకున్న రోజున పాత విలువ విప్పడానికి రాదు. నమోదు సంఖ్య మారదు, దాన్ని చూసి బయటివారికి తెలిసేదీ ఏమీ లేదు.

అనుమతులు రాయడంలో తల్పగిరి రంగనాథస్వామి గుడిలోని హుండీని మనసులో పెట్టుకున్నాను: అందులో వేయడానికి ఎవరికైనా వీలుంటుంది, తెరవడం మాత్రం తెరవవలసిన వారే, లెక్క రాసుకుంటూ చేస్తారు. కౌంటరులో వివరాలు నమోదు చేసే ప్రోగ్రాముకు ఎన్‌క్రిప్ట్ చేసే అనుమతి మాత్రమే ఇచ్చాము. విప్పే అనుమతి చెల్లింపులు చేసే ప్రోగ్రాముకు ఒక్కదానికే ఉంది. నమోదు చేసిన గుమాస్తా కూడా తాను ఎక్కించిన సంఖ్యను మళ్లీ పూర్తిగా చూడలేడు. చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి.

మధ్యాహ్నం గంగపట్నం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన పాసుపుస్తకం జిరాక్స్‌ను కవరులోంచి తీసి, ఇచ్చే ముందు కాసేపు చేతిలోనే పట్టుకొని, "నాయనా, ఈ కాగితం ఎంతమంది చేతులు మారుతుంది?" అని అడిగారు. గుమాస్తా నా వైపు చూశాడు. "అయ్యా, మీ నంబరు కంప్యూటరులోకి ఎక్కాక మనుషులెవరికీ పూర్తిగా కనిపించదు, డబ్బు పంపే ప్రోగ్రాము ఒక్కటే దాన్ని చదువుతుంది, అది ఎప్పుడు చదివిందో కూడా రాతలో ఉంటుంది" అని చెప్పాను. "మరి ఈ కాగితమో?" అన్నారాయన. ఆ ప్రశ్న ఎంతో న్యాయమైనది. యజమానిని అడిగి, నమోదు సరిచూసుకున్న వెంటనే జిరాక్స్‌ను రైతుకే తిరిగి ఇచ్చేయాలని నిర్ణయించాము. ఆ పెద్దాయన కాగితమే మొదట తిరిగి వెళ్లింది.

మిగిలిన పనులు త్వరగానే అయ్యాయి. ఎన్‌క్రిప్ట్ అయ్యాక పదకొండు అంకెలు బేస్64 రూపంలో (మామూలు అక్షరాలూ అంకెలుగా రాస్తే) 200 అక్షరాలు దాటతాయి కనుక డేటాబేస్‌లో ఆ కాలమ్ వెడల్పు పెంచాము. ఒకే సంఖ్యను రెండుసార్లు ఎన్‌క్రిప్ట్ చేస్తే రెండు వేర్వేరు ఫలితాలు వస్తాయి. కాబట్టి ఒకే ఖాతా ఇద్దరి పేర్ల మీద నమోదైందా అని పోల్చడానికి కేఎంఎస్‌లోనే వేరుగా ఒక హెచ్‌మ్యాక్ కీ (రహస్య కీ కలిపి హ్యాష్ కట్టడానికి వాడేది) పెట్టాము. ఖర్చు గురించి యజమాని అడిగారు. కీ ఒక్కింటికి నెలకు ఒక డాలరు, పది వేల పిలుపులకు మూడు సెంట్లు, నెలకు మొదటి 20,000 పిలుపులు ఉచితం. ఈ సంస్థ రైతుల సంఖ్యకు ఆ ఉచితమే సరిపోతుంది. లాగ్‌ల విషయంలో మాత్రం పొదుపు చేయవద్దన్నాను. క్లౌడ్‌ట్రయల్ తనంతట తాను చూపించేది 90 రోజుల చరిత్రే, అంతకు మించి కావాలంటే వేరే నిల్వలోకి పంపుకోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం తగిన భద్రత పాటించకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చని చెబుతున్నది. ఆ చట్టం లేకపోయినా ఈ లాగ్‌లు ఉండవలసినవే. ఎవరు విప్పారో చెప్పలేని ఎన్‌క్రిప్షన్ మీద రైతుకు నమ్మకం ఎలా కుదురుతుంది?

కీని తొలగించే అనుమతి యజమాని ఖాతాకు తప్ప మరెవరికీ, నాకు కూడా లేకుండా చేశాను. తొలగించమని కోరాక 7 నుంచి 30 రోజుల గడువు ఉంటుంది. ఆ గడువు దాటితే దానితో ఎన్‌క్రిప్ట్ చేసినదాన్ని అమెజాన్ వారు కూడా తిరిగి తేలేరు. ఏదైనా అనుమానం వస్తే ముందు కీని డిజేబుల్ చేయమనీ (తాత్కాలికంగా పనిచేయకుండా ఆపమనీ), తొలగించే మాట ఆ తరువాతేననీ యజమాని కోసం ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇచ్చాను.

పాత బ్యాకప్‌ల సంగతి ఇంకా మిగిలింది. ఎన్‌క్రిప్షన్ రాకముందు తీసిన నకళ్లు బీరువాలో పెన్‌డ్రైవుల మీద ఉన్నాయి, వాటిలో సంఖ్యలన్నీ బాహాటంగా ఉన్నాయి. కొత్త పట్టికలో ప్రతి వరుసా సరిగా విప్పుతున్నదని రేపు ఉదయం చెల్లింపు ప్రోగ్రాముతో సరిచూసి, యజమాని ఎదుటే వాటిని చెరిపేసి, ఆ పెన్‌డ్రైవులను కూడా పగలగొట్టాలని ఒప్పుకున్నాము.