మస్టాంగ్ మడత టాపు, మన ఫిట్టింగ్ షాపు

మెకానికల్ డిప్లొమా చదివిన మనందరి చేతికి వర్క్‌షాపులో ముందు వచ్చింది ఆకురాయి. మైల్డ్ స్టీలు ముక్కని నాలుగు వైపులా చదరంగా రాయడం, మట్టం పెట్టి వెలుతురులోకి ఎత్తి చూడడం, జత ముక్కలో వీ గాడి తీసి రెండూ సందు లేకుండా కూర్చోబెట్టడం. తర్వాత రేకు పని షాపులో మడత జాయింట్లు, వెల్డింగ్ షాపులో బట్ జాయింట్, ల్యాప్ జాయింట్. రికార్డు మీద సంతకం పడితే చాలుననుకున్న పనులవి. పాత కారు మడత టాపులో తుప్పు పట్టిన భాగాలు మార్చడానికి కావలసింది సరిగ్గా ఆ మూడు షాపుల పనే, అంతకు మించి పెద్ద విద్య అక్కర్లేదు. ఇప్పుడు అవే బెంచీల దగ్గర నిలబడుతున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ పనికొస్తుందని ఒకే ఒక్క కారు తీసుకుని రాస్తున్నాను. 1965, 66 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ కన్వర్టిబుల్.

ఈ కారునే తీసుకోవడానికి కారణం ఉంది. 1964 ఏప్రిల్ 17న మస్టాంగ్ జనం ముందుకొచ్చింది. 1965 మోడల్ లెక్కలో మడత టాపు బళ్ళు లక్షకు పైగా, 1966లో 72 వేల పైచిలుకు తయారయ్యాయి. అన్ని బళ్ళుండబట్టే టాపు భాగాలు చాలావరకు ఇప్పటికీ కొత్తగా తయారై అమ్ముడవుతున్నాయి. రెండో కారణం ఉప్పు. మనవాళ్ళు బాగా స్థిరపడిన మిషిగన్ లాంటి రాష్ట్రాల్లో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. టాపు పైనుంచి కారే నీళ్ళు ఒకవైపు, కిందనుంచి చిమ్మే ఉప్పునీళ్ళు ఒకవైపు. ఆ రెండూ కలిసేది వెనక సీటు పక్క గూళ్ళలో, అంటే టాపు ఫ్రేము బరువంతా మోసే చోట.

ఫ్రేము ఎలా ఉంటుందో ముందు చూద్దాం. ముందు అద్దం చట్రం మీద కూర్చునే అడ్డపట్టీ హెడర్ బో. దాని వెనక అలాంటి అడ్డపట్టీలే, అంటే బోలే, ఇంకో రెండు, చివర్లో వెనక అద్దం పైఅంచున వెనక బో. వీటన్నిటినీ రెండు పక్కలా సైడ్ రైళ్ళు పట్టుకుంటాయి. ఒక్కో వైపు రైలు మూడు ముక్కలు, మడతపడే చోట రివెట్లు. ఈ మొత్తం ఒక్కో వైపు ఒక పెద్ద హింజ్ బ్రాకెట్ మీద నిలుస్తుంది, ఆ బ్రాకెట్ బాడీకి బోల్టులతో బిగిసి ఉంటుంది. గుడ్డ కింది అంచు మాత్రం ఫ్రేముకి కాదు, వెనక బాడీ చుట్టూ వంపు తిరిగిన ట్యాక్ రైలుకి స్టేపుల్ చేసి ఉంటుంది.

ముందుగా పాడయ్యేది ఆ ట్యాక్ రైలే. టాపు గుడ్డ అంచు, వెనక అద్దం ఉండే కర్టెన్ అంచు, టాపు మడిచి దించే గుంత లోపలి గుడ్డ వెల్ లైనర్ అంచు, మూడూ దాని మీదే మడతపడతాయి. తడి గోనెపట్టా చుట్టి పెట్టిన ఇనపముక్క గతే దానిది. తర్వాత హెడర్. హెడర్ అడుగున రేకు గాడిలో స్టేపుళ్ళు దిగడానికి ట్యాకింగ్ స్ట్రిప్ ఉంటుంది. అప్పట్లో ఇది అదిమిన కాగితం నార సరుకు. స్టేపుల్ రంధ్రం గుండా దిగిన నీళ్ళని ఇది పీల్చి నెలల తరబడి పట్టుకుంటుంది, గాడి రేకు లోపలినుంచి తినిపోతుంది. తుప్పు తాను తినేసిన ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు తీసుకుంటుంది గనక గాడి పెదవులు విచ్చుకుంటాయి. హెడర్ అడుగున పెయింటు పగిలి గీతలా ఉబ్బి కనిపిస్తే లోపల పని అయిపోయినట్టే. చెప్పులు కుట్టే ఆరె లాంటి మొనతో పొడిచి చూడండి. దిగిందంటే అక్కడ రేకు లేదు, పెయింటే ఉంది.

ఇక్కడే చాలామంది తొందరపడి గుడ్డ పీకేస్తారు. ఈ పనిలో అసలు కీలకం కోతకు ముందు కొలత. టాపు వేసి లాచీలు బిగించి, పక్క అద్దాలు పైకెత్తి, అద్దానికీ సైడ్ రైలు రబ్బరుకీ మధ్య సందు నాలుగైదు చోట్ల కొలవాలి. హెడర్‌కీ ముందు అద్దం చట్రానికీ మధ్య కూడా అంతే. ఒక బో నుంచి ఇంకో బోకి దూరం ఎడమ, మధ్య, కుడి మూడు చోట్లా రాసుకోవాలి. వెనక బో మధ్య నుంచి కింద బాడీ అంచు వరకూ ఎత్తు విడిగా రాసుకోవాలి, వెనక అద్దం కర్టెన్ బిగువు దాని మీదే ఆధారపడుతుంది. కొత్త గుడ్డ ఫ్యాక్టరీ కొలతకి కుట్టి వస్తుంది. వెనక బో అర అంగుళం వెనక్కి జరిగిందంటే గుడ్డ ముందు అంచు హెడర్‌కి చాలదు, ముందుకి జరిగిందంటే ముడతలు పడతాయి. తప్పు ఫ్రేముదైతే తిట్లు గుడ్డకి పడతాయి.

హింజ్ బ్రాకెట్ బోల్టు రంధ్రాలు సర్దుబాటు కోసం పొడుగ్గా ఉంటాయి. బోల్టు వదులు చేసే ముందు బ్రాకెట్ చుట్టూ స్క్రైబర్‌తో బాడీ మీద గీత గీయాలి. సందు నింపే పలచని షిమ్ము రేకులుంటే ఏ బోల్టు కింద ఎన్ని ఉన్నాయో సంచీల్లో వేసి ఎడమ, కుడి అని రాసిపెట్టాలి. పాత గుడ్డని కోసి పారేయకండి. స్టేపుళ్ళు ఒక్కొక్కటిగా ఎత్తి, గుడ్డ మొత్తంగా తీసి, పని పూర్తయ్యేదాకా అటక మీద ఉంచండి. మధ్య గీత ఎక్కడ, మడత ఎంత అనే సందేహాలు అదే తీరుస్తుంది.

విప్పేటప్పుడు బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. కరెంటు టాపైతే హైడ్రాలిక్ సిలిండర్ల పై పిన్నులు తీసి, ఇద్దరు చెరోవైపు నిలబడి ఫ్రేము ఎత్తాలి. ఒక్కరే ఎత్తితే సైడ్ రైలు మెలి తిరుగుతుంది. రబ్బరు పట్టీల స్క్రూలు సగం విరిగే రకం. తలలో గాడి పాడవకముందే చొచ్చుకుపోయే నూనె వేసి ఒక రాత్రి వదిలి, ఇంపాక్ట్ డ్రైవర్ పెట్టి సుత్తితో కొట్టాలి. బోల్టు విరిగి ముక్క కాస్త పైకి ఉంటే దానిమీద నట్టు పెట్టి మధ్యలో మిగ్ (తీగ దానంతటదే వచ్చే రకం) వెల్డింగ్ చుక్క నింపి, ఎరుపు తగ్గాక స్పానరుతో ముందుకీ వెనక్కీ కదపండి. వేడికే సగం పట్టు వదులుతుంది.

ఇక మరలు కోసే ట్యాపుల సంగతి. ఈ కారు మరలన్నీ అంగుళాల కొలత. పావంగుళం, అంగుళానికి 20 మరల బోల్టు వ్యాసం 6.35 మిల్లీమీటర్లు, ఒక మర నుంచి ఇంకో మరకి 1.27. మన ఎం6 బోల్టుకి అవి 6, 1. చూపుకి ఒకటే. ఎం6 బోల్టు అందులో ఒకటి రెండు చుట్లు వదులుగా తిరిగి పట్టేస్తుంది. అప్పుడు బలం పెడితే బాడీ రేకు లోపల అతికి ఉన్న నట్టు ఊడి గిర్రున తిరుగుతుంది, దాన్ని పట్టుకోవడానికి చెయ్యి దూరదు. అంబాసిడర్లూ పాత జీపులూ చూసిన ఆటోనగర్ షాపుల్లో అంగుళాల ట్యాపులు దొరుకుతాయి. మొదటి ట్యాపు, రెండో ట్యాపు, ప్లగ్ ట్యాపు వరుసగా వేయాలి, అరచుట్టు ముందుకి, పావుచుట్టు వెనక్కి. ఫిట్టింగ్ షాపులో విసుగు పుట్టించిన నియమమే. తుప్పుపొడి మధ్య దాన్ని పాటించకపోతే ట్యాపు లోపలే విరుగుతుంది, విరిగిన ట్యాపుని డ్రిల్లు తినలేదు.

తుప్పు తీయడానికి ఇసుక బ్లాస్టింగే అందరికీ గుర్తొస్తుంది. బోలకి పరవాలేదు. పలచని హెడర్ పైరేకు మీద మాత్రం ఒత్తిడి ఎక్కువైతే రేకు ఉబ్బిపోయి మళ్ళీ సమం కాదు. రివెట్ల కీళ్ళలో ఇసుక చేరితే సాన పట్టినట్టు అరిగిపోతాయి, అందుకే కీళ్ళకి గట్టి టేపు చుట్టాలి. ట్యాక్ రైలు, బ్రాకెట్ లాంటి విడి ముక్కలకి చవకైన దారి ఎలక్ట్రాలిసిస్. ప్లాస్టిక్ తొట్టిలో నాలుగు లీటర్ల నీటికి ఒక పెద్ద చెంచా బట్టల సోడా, తినుసోడా కాదు. తుప్పు ముక్క 12 వోల్టుల చార్జర్ నెగటివ్‌కి, పనికిరాని ఇనపరేకు పాజిటివ్‌కి. రెండూ తాకకూడదు. పాతరకం చార్జర్ కావాలి, బ్యాటరీ కనపడితేగాని కరెంటివ్వని కొత్తరకం ఇక్కడ పనిచేయదు. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెడితే విషపు క్రోమియం నీళ్ళలోకి వస్తుంది, సోడా బదులు ఉప్పు వేస్తే క్లోరిన్ పుడుతుంది. రెండూ చేయకూడదు. హైడ్రోజన్ బుడగలు వస్తాయి గనక గాలి ఆడే చోట పెట్టి, నిప్పుకి దూరంగా ఉంచాలి. అల్యూమినియం, జింకు పోత భాగాలు తొట్టిలో వేయకూడదు. లాచీ స్ప్రింగులు కూడా వద్దు, గట్టి స్ప్రింగు ఉక్కులోకి హైడ్రోజన్ చొరబడితే అది పెళుసెక్కి ఒకరోజు చటుక్కున తెగుతుంది. తీసిన ముక్కని కడిగి వెంటనే ఆరబెట్టాలి, లేకపోతే కళ్ళముందే ఎర్రపొడి కమ్ముతుంది.

అతుకు వేయాలా, కొత్తది కొనాలా? ట్యాక్ రైలు సొట్టలు పడి చిల్లులుపడితే కొత్తది కొనండి, దాన్ని బాగుచేయడానికి పోసే శ్రమకి విలువ లేదు. హెడర్ గాడి ఒకచోట జానెడు మేర పోతే అతుకు చాలు. మూడోవంతు మించితే హెడర్ మొత్తం మార్చడమే నయం. కొత్తగా తయారైన హెడర్ కూడా తిన్నగా కూర్చుంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. వంపు ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా రావచ్చు, పెయింటుకి ముందే కారు మీద పెట్టి లాచీలు వేసి చూడాలి.

వెల్డింగు కూడా ఫ్రేము కారు మీద ఉండగా, హెడర్ ముందు అద్దం చట్రానికి లాచీలతో బిగిసి ఉండగా ముందు చుక్కలే పెట్టాలి. బెంచీ మీద అతికితే ఆ వంపు ఎటు లాగిందో తర్వాతగానీ తెలియదు. అతుకు రేకు పాతదాని మందమే ఉండాలి. 0.6 మిల్లీమీటర్ల మిగ్ తీగ చాలు. ఒక చుక్క ఎడమ చివర, ఒకటి కుడి చివర, ఒకటి మధ్య, చెయ్యి ఆనించగలిగేలా చల్లారాక మళ్ళీ. వరసగా లాగితే వేడికి రేకు వంగుతుంది. ఎర్త్ క్లాంపు అతుకు పక్కనే పెట్టండి. దూరంగా బాడీకి పెడితే కరెంటు కీళ్ళ గుండా పోయి రివెట్ల మీద చిన్న గుంటలు పడతాయి. అన్నిటికంటే ముఖ్యమైన మాట: ఈ మస్టాంగ్‌లో పెట్రోలు ట్యాంకు పైరేకే డిక్కీ నేల. వెనక బాడీ అంచు దగ్గర, ట్యాక్ రైలు పరిసరాల్లో ఒక్క చుక్క వెల్డింగైనా ట్యాంకు తీసేశాకే చేయాలి. తడిగుడ్డ కప్పితే సరిపోతుందని ఎవరైనా అంటే వినకండి.

కీళ్ళు చూడడం సులువు. సైడ్ రైలు ముందు చివర పట్టి పక్కకి ఆడించండి. కీలులో టకటక వినిపిస్తే రివెట్టు, బుష్ అరిగాయి. రివెట్టు తలని డ్రిల్లుతో తొలిచి, పంచ్‌తో కొట్టి, అదే వ్యాసం భుజం ఉన్న బోల్టు, కంచు లేదా నైలాన్ వాషరు, లాక్ నట్టు వేయొచ్చు. చేత్తో కదపగానే కదలాలి, పక్కకి ఊగకూడదు. అంతే బిగువు. మర రివెట్టు స్థానంలో ఆనకుండా చూడాలి, మర అంచు రంధ్రాన్ని తినేస్తుంది.

పెయింటు ముందు ఎపాక్సీ ప్రైమరు, గాడుల లోపలికీ చేరేలా. అది గట్టిపడ్డాక గాడిలో కొత్త ప్లాస్టిక్ ట్యాకింగ్ స్ట్రిప్ జిగురుతో, మధ్యలో రివెట్లతో. స్టేపుళ్ళు స్టెయిన్‌లెస్ స్టీలువే కొనండి. మామూలువి రెండు వానాకాలాలకే గోధుమరంగు కన్నీళ్ళు కారుస్తాయి. కాళ్ళ పొడవు స్ట్రిప్ మందం దాటితే లోపలి ఉక్కుకి తగిలి వంకరపోతాయి, పట్టవు.

హైడ్రాలిక్ పంపు కలిపే ముందు ఫ్రేమును చేత్తో నాలుగైదుసార్లు వేసి తీయండి. ఎక్కడైనా పట్టేస్తే కారణం వెతకాలి. పంపుకి జాలి లేదు, పట్టేసిన కీలుని వంచేస్తుంది. సిలిండర్ కడ్డీ మీద తుప్పు గుంటలుంటే రుద్దినా ప్రయోజనం ఉండదు, ప్రతి కదలికకీ సీలుని కోస్తాయి. ద్రవం విషయంలో ఆ బండి మాన్యువల్ చెప్పిందే పోయాలి. 1970ల మొదటిదాకా కొన్ని అమెరికన్ కార్ల టాపు పంపుల్లో బ్రేక్ ద్రవం వాడేవారు, మరికొన్నిటికి గేర్‌బాక్సు ఆయిల్ రకం. ఒకదానికి తయారైన సీళ్ళు ఇంకోదానిలో ఉబ్బి నాశనమవుతాయి. బ్రేక్ ద్రవం ఒలికితే పెయింటు కూడా లేస్తుంది.

గుడ్డ ఎక్కించడం వేరే వృత్తి, దానికి మంచి ట్రిమ్మర్‌ని చూసుకోండి. అతనికి ఇవ్వవలసింది మీరు రాసుకున్న కొలతల కాగితం, కొలతల ప్రకారం నిలిచిన ఫ్రేము. బోల మధ్య దూరం పట్టి ఉంచే రెండు పక్కల ప్యాడ్లు ముందు బిగించి, కాగితంతో సరిచూశాకే వెనక కర్టెన్, చివర్న టాపు. ఎండలో కాసేపు పరిచిన వినైలు గుడ్డ బాగా సాగుతుంది, చలిలో లాగిందైతే మొదటి ఎండకే వదులవుతుంది.

లైనర్ బిగించకముందే ఇంకో పని చేయండి. వెనక సీటు పక్క గూళ్ళలో చేరిన నీళ్ళు వెనక మడ్‌గార్డు రేకు కింది అంచుల దగ్గర బయటికి పోవాలి. అక్కడ ఆకులు, పాత జిగురు, తుప్పు పెళ్ళలు పేరుకుని ఉంటాయి. సన్నతీగతో కెలికి, ఒక్కో వైపు ఒక చెంబు నీళ్ళు మెల్లగా పోసి, మరొకరిని కింద కూర్చోబెట్టి చూడమనండి. పోసినన్ని నీళ్ళూ ఆగకుండా బయటికొస్తే లైనర్ బిగించొచ్చు. చుక్కచుక్కగా వస్తే మళ్ళీ తీగ పట్టుకోవాల్సిందే.