రీకాల్ లెటర్ మూడో ఓనర్‌కు ఎప్పుడు చేరుతుంది?

విదేశాల్లో ఒక కంపెనీ తన భారీ ట్రక్కులను లోపం సరిచేయడానికి వెనక్కి పిలిచిందని (దీన్నే రీకాల్ అంటారు), వైరింగ్ లోపంతో మంటలు అంటుకునే ప్రమాదం ఉందని ఒక వార్త మా యర్రగుంట్ల లారీ వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. షాపుకు వచ్చినవాళ్లు అదే అడుగుతున్నారు: "అన్నా, మన బండ్లకు కూడా ఇట్లాంటివి ఉంటాయా?" ఉంటాయి. నేను ఆటో ఎలక్ట్రీషియన్‌ని. సిమెంటు ఫ్యాక్టరీల లారీలు, ఆర్‌టీపీపీ థర్మల్ కరెంటు ప్లాంటు నుంచి బూడిద మోసే బల్కర్లు (ట్యాంకర్ లారీలు) నా దగ్గరకు వస్తాయి. వాటి కింద పడుకుని చూసినవాడిగా ఇది రాస్తున్నాను.

లారీలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు కలిపి 24 వోల్టులు చేస్తారు. లైట్లకు, హారన్‌కు, వైపర్‌కు ఫ్యూజులు ఉంటాయి. కానీ బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటారుకు పోయే లావు కేబుల్‌కు చాలా బండ్లలో ఫ్యూజ్ ఉండదు. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ అది వందల ఆంపియర్లు లాగుతుంది కాబట్టి ఆ దారిలో మామూలు ఫ్యూజ్ నిలవదు. ఆ కేబుల్ ఛాసిస్ (బండి ఇనుప చట్రం) వెంబడి క్లిప్పుల మీద పోతుంది. ఎక్కడో ఒక క్లిప్ ఊడినా, లేదా ఫ్యాక్టరీలోనే కేబుల్‌ను ఏదో బ్రాకెట్ అంచుకు ఆనించి బిగించినా, బండి అదురుకు పై తొడుగు కొంచెం కొంచెంగా అరుగుతుంది. లోపలి రాగి బయటపడి ఛాసిస్‌ను తాకిందంటే షార్టే. ఛాసిస్ అంతా ఎర్త్ కదా, బ్యాటరీ నెగటివ్ దానికే కలిపి ఉంటుంది. ఆపడానికి ఫ్యూజ్ లేదు. తాళం తీసేసినా ఆ కేబుల్‌కు బ్యాటరీ తగిలే ఉంటుంది. అందుకే పక్కన ఆపిన లారీ, డ్రైవర్ క్యాబిన్‌లో నిద్రపోతుండగా, అంటుకోవచ్చు. అమెరికాలో ఇలాంటి రీకాల్ వచ్చినప్పుడు కొన్నిసార్లు రిపేరు అయ్యేదాకా బండిని ఇళ్లకు, షెడ్లకు దూరంగా నిలపమని కూడా చెబుతారు. కారణం ఇదే.

ఇంకో రకం మంట లూజు జాయింట్ నుంచి వస్తుంది. దీని గురించి ఓనర్లు ఎవరూ అడగరు, కానీ నాకు దీనితోనే ఎక్కువ టెన్షన్. నట్టు సరిగా బిగించని చోట నూరో వంతు ఓమ్ అడ్డు ఉన్నా చాలు. 100 ఆంపియర్లు పోయేటప్పుడు అక్కడ 100 వాట్ల వేడి పుడుతుంది. కరెంటు మామూలుగానే పోతుంది కాబట్టి, ఫ్యూజ్ ఉన్నా కొట్టేయదు. చుట్టూ ప్లాస్టిక్ స్లీవ్, దాని మీద గ్రీసు, దుమ్ము. ముందు వాసన వస్తుంది, తర్వాత లైట్లు మినుకుమంటాయి. ఆ వాసనను పట్టించుకునే డ్రైవర్ బతుకుతాడు.

నాకు తెలిసిన ఒక బల్కర్ డ్రైవర్ అలాగే పట్టించుకున్నాడు. గువ్వలచెరువు ఘాట్ దిగి కడప వైపు వస్తుంటే రబ్బరు కాలిన వాసన వచ్చిందట. బండి పక్కకు తీసి, దిగి, స్పానర్‌తో బ్యాటరీ టెర్మినల్ విప్పేశాడు. తర్వాత లారీని నా దగ్గరకు లాక్కొచ్చారు. క్యాబిన్ వెనక క్రాస్ మెంబర్ (ఛాసిస్‌కు అడ్డంగా ఉండే కమ్మీ) దగ్గర క్లిప్ లేదు. రెండు మూడు ఇంచుల మేర తొడుగు నల్లగా కరిగి ఉంది, లోపలి తీగలు మెరుస్తున్నాయి. పక్కనే డీజిల్ పైపు. ఇంకొంచెం దూరం నడిపి ఉంటే ఏమయ్యేదో అతనికి నేను చెప్పనక్కర్లేకపోయింది. అతనే నేల మీద కూర్చుండిపోయాడు.

కేబుల్ మార్చి బండి పంపించేయవచ్చు. కానీ ఆ చోట క్లిప్ బిగించడానికి రంధ్రమే లేదు. అది ఊడిపోయింది కాదు, మొదటి నుంచీ లేదు. అందుకే ఓనర్‌ను పిలిచి, ఛాసిస్ నెంబర్ పట్టుకుని కంపెనీ షోరూమ్‌లో అడగమన్నాను. వాళ్లు కంప్యూటర్‌లో చూసి, ఆ బ్యాచ్ బండ్లకు కేబుల్ దారి మార్చే పని ఎప్పుడో మొదలైందని, ఉచితమేనని, లెటర్ కూడా పంపామని చెప్పారు. ఎక్కడికి పంపారంటే, నామక్కల్‌లో ఉన్న మొదటి ఓనర్ అడ్రస్‌కు. ఈయన మూడో ఓనర్. "నాకు యా లెటరూ రాలేదు న్నా, ఫోన్ కూడా రాలేదు" అన్నాడు. కంపెనీ పద్ధతి ప్రకారం లెటర్ వేసింది, లోపం ఒప్పుకుంది, దానికి వాళ్లను తప్పు పట్టను. కానీ ప్రమాదం ఎవరి వీపు వెనక ఉందో ఆ మనిషికి కబురే అందలేదు. నాకు దీని మీద నిజంగా కోపం ఉంది.

మా వైపు లారీలు ఎలా వస్తాయో అందరికీ తెలుసు. నామక్కల్, సేలం, హైదరాబాద్‌లో కొన్నేళ్లు తిరిగిన బండ్లు ఇక్కడికి వస్తాయి. బేతంచెర్ల బండలకు, తాడిపత్రి గ్రానైట్‌కు, మంగంపేట ముగ్గురాయికి అవే తిరుగుతాయి. కొత్త బండి కొనేవాళ్లు తక్కువ.

చట్టం లేక కాదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 110ఏ సెక్షన్ వచ్చింది. లోపం ఉన్న బండ్లను వెనక్కి పిలవమని కంపెనీని కేంద్ర ప్రభుత్వం ఆదేశించవచ్చు. రూల్స్ 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. కంపెనీ తనంతట తాను పిలవకుండా ప్రభుత్వమే ఆదేశించాల్సి వస్తే బండ్ల సంఖ్యను బట్టి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా. అయితే ఈ రూల్స్ 7 ఏళ్ల లోపు బండ్లకే. మూడో ఓనర్ చేతికి వచ్చేసరికి మా లారీలకు ఆ వయసు దాటిపోతోంది. అమెరికాలో లోపం ఉందని కంపెనీకి తేలితే 5 పని దినాల్లో అక్కడి రోడ్డు భద్రత సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకు చెప్పాలి, ఆ తర్వాత 60 రోజుల్లోపు ఓనర్లకు లెటర్ వేయాలి. 17 అక్షరాల బండి నెంబర్ కొడితే రీకాల్ పెండింగ్ ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు.

మనకు అంత దూరం పోనక్కర్లేదు, ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ తనిఖీ) ఉంది. 8 ఏళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ప్రతి లారీ ఎఫ్‌సీకి రావాల్సిందే. ఓనర్ ఎవరైనా, అడ్రస్ ఎక్కడిదైనా ఛాసిస్ నెంబర్ అక్కడ చూస్తారు. ఆ నెంబర్ మీద రీకాల్ పెండింగ్ ఉంటే అక్కడే కాగితం మీద రాసి చేతికివ్వాలి. నా దగ్గరకు వచ్చే వాళ్లెవరూ ఎఫ్‌సీ దగ్గర ఆ మాట విన్నామని చెప్పలేదు.

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బస్సు కాలి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. అక్కడ కారణం వేరు, బైక్ బస్సు కిందికి వెళ్లడంతో మంటలు పుట్టాయి. కానీ మంట మొదలయ్యాక మనిషికి దొరికే సమయం ఎంత తక్కువో ఈ ప్రాంతంలో అందరం చూశాం. అదే ఏడాది నుంచి కొత్తగా తయారయ్యే లారీలకు క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి అయింది. యర్రగుంట్ల ఎండలో బూడిద లోడు కోసం కాచుకునే డ్రైవర్లకు అది కావాల్సిందే, సంతోషం. అయితే దానితో క్యాబిన్‌లోకి ఇంకొంత వైరింగ్ వస్తుంది, ఇంకొన్ని జాయింట్లు వస్తాయి.

మా ఎలక్ట్రీషియన్లకూ ఒక మాట. ఎక్స్‌ట్రా లైట్లకు, ఫ్యాన్‌కు బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజ్ లేకుండా వైరు లాగకండి. ఓనర్ వంద రూపాయలు తగ్గించమన్నా ఒప్పుకోవద్దు. రేపు బండి కాలితే కంపెనీ ముందుగా చూపించేది ఆ వైరునే. నిజంగా ఫ్యాక్టరీ లోపం ఉన్నా అది దాని వెనక మరుగున పడిపోతుంది.

ఓనర్లు చేయాల్సింది: ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నెంబర్‌తో ఏ ఊరిలోనైనా ఆ కంపెనీ షోరూమ్‌లో అడగండి. బండి ఎన్నో చేతిదైనా మొహమాటపడొద్దు. పని పెండింగ్ లేదంటే అదే మాట జాబ్ కార్డు మీద రాయించుకోండి. ఉందంటే చేయించి, ఆ కాగితం బండిలో పెట్టండి. లారీ అమ్మేటప్పుడు ఆర్‌సీతో పాటు ఆ కాగితం కూడా కొన్నవాళ్ల చేతికివ్వండి.