మిస్సోరిలో కోతపడ్డ పొలం: కన్జర్వేషన్ డిస్ట్రిక్టుతో నా అనుభవం

ఈశాన్య మిస్సోరి పొలాల్లో పైమట్టి చాలాచోట్ల అడుగు, అడుగున్నరకు మించదు. దాని కింద బంకమట్టి పొర. వాన నీరు ఆ పొరలోకి ఇంకక, పైమట్టి నిండగానే వాలులోకి జారుతుంది. వాలు వంద అడుగులకు మూడు నాలుగు అడుగులే అయినా, సోయా కోశాక నేల బోసిగా ఉన్నప్పుడు ఒక్క జడివాన పడితే చాలు, పొలం మధ్యలో కాలువ తెగుతుంది. కౌలుదారు డిస్కు తిప్పి పూడుస్తాడు. మరుసటేడు అదే చోట మళ్లీ తెగుతుంది. పూడ్చిన ప్రతిసారీ అందులో పడేది చుట్టుపక్కల పైమట్టే కాబట్టి ఆ పల్లం ఏటా వెడల్పవుతుంది. మా పొలంలో పడ్డది ఈ రకం కోతే. దీనికి కౌంటీ సాయిల్ అండ్ వాటర్ కన్జర్వేషన్ డిస్ట్రిక్టు (నేల కోత ఆపే పనులకు సాయం చేసే స్థానిక సంస్థ) ద్వారా గడ్డి కాలువ (నీరు కోయకుండా పారేందుకు గడ్డి పెంచిన వెడల్పు కాలువ), గట్లు వేయించుకున్నాం. సిటీలో ఉద్యోగం చేస్తూ, పొలం కొని కౌలుకిచ్చిన తెలుగువాళ్లకు పనికొస్తుందని ఆ వరసంతా రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. మిస్సోరిలో 114 కౌంటీలు, ప్రతి కౌంటీకీ ఒక డిస్ట్రిక్టు. 1984లో ఓటర్లు ఒప్పుకున్న అమ్మకపు పన్ను దీనికి ఆధారం: డాలరుకు సెంటులో పదో వంతు. అందులో సగం రాష్ట్ర పార్కులకు, సగం నేల, నీటి పనులకు. 2016లోనూ ఓటర్లు దాన్ని పొడిగించారు. డిస్ట్రిక్టు బోర్డులో ఉండేది స్థానికులు ఎన్నుకున్న భూయజమానులు, వాళ్లతోపాటు రైతులకు సలహాలిచ్చే యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ మనిషి ఒకరు. మన దగ్గర వాటర్‌షెడ్ పథకం ఊరినంతా ఒకేసారి పట్టుకుంటుంది. ఇక్కడ యజమాని వెళ్లి అడగకపోతే ఎవరూ రారు. ఎవరి బలవంతమూ ఉండదు.

సబ్సిడీ 75 శాతం అంటారు కానీ అది మీకయ్యే ఖర్చులో 75 శాతం అనుకోకండి. ప్రతి పనికీ రాష్ట్రం ఒక సగటు ధర కట్టి ఉంచుతుంది, శాతం దాని మీద. ఆ లెక్కలో పని విలువ 10,000 డాలర్లయితే మీకొచ్చేది 7,500. కాంట్రాక్టరు 13,000 అడిగితే పైన 5,500 మీ జేబులోంచే. పైగా పని పూర్తయి, డిస్ట్రిక్టు టెక్నీషియన్ కొలిచి సరే అన్నాకే చెల్లింపు. కాబట్టి మొత్తం డబ్బు మొదట మీ చేతిలో ఉండాలి.

వరసలో అన్నిటికన్నా గట్టి నియమం ఒకటుంది. బోర్డు ఆమోదించకముందు బుల్‌డోజరు మట్టి కదిపితే ఆ పనికి ఒక్క డాలరూ రాదు. కాంట్రాక్టరు ఖాళీగా ఉన్నాడనో, నేల ఆరిందనో మొదలుపెట్టేస్తే తర్వాత సర్దుబాటుకు దారి లేదు. రాష్ట్ర ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. కొత్త నిధులు అప్పుడే వస్తాయి కనుక వసంతానికి ముందే పేరు నమోదు చేయించుకుని, సర్వే, డిజైను సిద్ధం చేసి పెట్టుకున్నవాళ్ల పని ముందు తెములుతుంది.

రాష్ట్రం డబ్బుకు కాగితాలు తక్కువే: భూమి దస్తావేజు, పన్ను నంబరు, యజమాని సంతకం. ఫెడరల్ పథకం ఈక్విప్‌కు వెళ్తే చాలా ఎక్కువ. ఎఫ్‌ఎస్‌ఏ (అమెరికా వ్యవసాయ శాఖలో రైతు సేవల విభాగం) ఆఫీసులో పొలానికి నంబరు తీసుకోవాలి, కోతపడే నేల, చిత్తడి నేలల నియమాలు పాటిస్తామనే ఏడీ-1026 ఫారం మీద సంతకం చేయాలి, మూడేళ్ల సగటు ఆదాయం 9 లక్షల డాలర్లు దాటలేదని రాసివ్వాలి. ఆపైన దరఖాస్తులన్నిటినీ మార్కులు వేసి వరస కడతారు. అక్కడా ఒప్పందం మీద సంతకం కాకముందు పని మొదలెట్టకూడదు. ఎఫ్‌ఎస్‌ఏ, ఎన్‌ఆర్‌సీఎస్ (ఈక్విప్ నడిపే ఫెడరల్ నేల సంరక్షణ విభాగం), డిస్ట్రిక్టు తరచూ ఒకే భవనంలో ఉంటాయి కానీ ఫైళ్లు వేరు. ఒక కౌంటర్లో ఇచ్చిన దస్తావేజు పక్క కౌంటర్‌కు తనంతట తాను నడిచి వెళ్లదు.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఇక్కడ కాస్త ఆగి చదవండి. పౌరసత్వమూ గ్రీన్‌కార్డూ లేనివాళ్లు పదెకరాలకు మించి వ్యవసాయ భూమి కొంటే, విదేశీయులు కొన్న వ్యవసాయ భూమి వివరాలు తెలపాలనే 1978 నాటి ఆఫిడా చట్టం ప్రకారం 90 రోజుల్లో ఎఫ్‌ఎస్‌ఏ-153 ఫారం ఇవ్వాలి. ఇవ్వకపోతే జరిమానా భూమి మార్కెట్ విలువలో 25 శాతం దాకా వేయొచ్చు. రిజిస్ట్రేషన్ చేయించే టైటిల్ కంపెనీ ఈ మాట చెబుతుందని నమ్ముకోకండి. రాష్ట్రాలకు సొంత ఆంక్షలూ ఉన్నాయి, కొనకముందే లాయర్‌ను అడగడం మంచిది.

ఇక పొలం. టెక్నీషియన్ వచ్చి చూసేది రెండు రకాల కోతలు. పొలమంతా పలచగా పొరపొరగా పోయేదాన్ని రూసెల్2 అనే ప్రోగ్రాంతో లెక్కిస్తారు. నేల రకం, వాలు, వాలు పొడవు, పంట, దుక్కి ఇస్తే ఎకరానికి ఏటా ఎన్ని టన్నులు పోతోందో చెబుతుంది. ఇలాంటి నేలలకు తట్టుకోగల హద్దు ఎకరానికి ఏటా 5 టన్నులు, లేదా అంతకంటే తక్కువ. 5 టన్నులంటే మిల్లీమీటరు మందం కూడా కాదు, కంటికి ఆనదు. తెగిన కాలువ ఈ లెక్కలోకి రాదు. దాన్ని టేపుతో కొలవాలి. 300 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, సగటున అడుగు లోతు అంటే 1,200 ఘనపుటడుగులు. ఘనపుటడుగు 85 పౌండ్ల చొప్పున 51 టన్నులు. అందుకే డిస్కు తిప్పి పూడ్చకముందే టెక్నీషియన్‌కు చూపించాలి, ఆ మాట కౌలుదారుకు ముందే చెప్పాలి.

కాలువ తెగింది కింద అయినా కారణం పైన ఉంటుంది. అడుగున గడ్డి కాలువ ఒక్కటే వేస్తే పైనుంచి వచ్చే ఒండ్రు దాన్ని నింపేస్తుంది. పైన గట్లు వేసి నీటిని ముక్కలుగా ఆపాలి. గట్ల వెనక నిలిచిన నీటిని గడ్డి కాలువలోకి వదలొచ్చు, లేదా భూగర్భ పైపుల్లోకి దించొచ్చు. గడ్డి కాలువలోకి వదిలేటట్టయితే ముందు కాలువ వేసి, గడ్డి పట్టాకే గట్లు కట్టాలి. రెండూ ఒకేసారి చేస్తే గట్ల నీరంతా గడ్డి లేని కాలువ మీద పడి మొదటి వానకే కోసేస్తుంది. పైపులైతే ఈ ఎదురుచూపు లేదు కానీ ఖర్చెక్కువ. రంధ్రాల నిలువు గొట్టం, అంటే రైజరు, అడుగున సరైన కొలత చిల్లు ఉన్న పళ్లెం బిగించాలి. చిల్లు పెద్దదైతే పై గట్టు నీరు పైపును నింపేసి కింది రైజరులోంచి ఎగదన్నుతుంది. చిన్నదైతే నీరు 48 గంటలు దాటి నిలిచి పంట చస్తుంది.

గట్ల మధ్య దూరం డిజైను కాగితం మీద ఉన్నప్పుడే కౌలుదారును పిలిచి చూపించాలి. ముప్పై అంగుళాల సాళ్లు పన్నెండు వేసే ప్లాంటరు వెడల్పు 30 అడుగులు. దూరం 120 లేదా 180 అయితే తిరుగుడు సరిపోతుంది. 135 అయితే ప్రతి పట్టీలో ముక్కసాళ్లు మిగులుతాయి, ఏటా విత్తనమూ మందూ రెండుసార్లు పడతాయి. గడ్డి కాలువ పక్కవాలు అడుగు ఎత్తుకు నాలుగడుగుల వెడల్పు, లేదా అంతకంటే ఏటవాలు తక్కువగా ఉంటే యంత్రాలు దాటగలవు. కాలువ, గట్లు రెండింటికీ లెక్క పదేళ్లకోసారి వచ్చే 24 గంటల వానకు కడతారు.

ఏ నెలలో ఏది చేయాలన్నది బాగా ఆలోచించాల్సిన విషయం. మొక్కజొన్న, సోయా కోసేసరికి అక్టోబరు దాటుతుంది. అప్పుడు మట్టిపని మొదలెడితే గడ్డి విత్తే అదను పోతుంది, కాంట్రాక్టర్లూ దొరకరు. మేం కౌలుదారుతో మాట్లాడి ముందటి అక్టోబరులో ఆ పొలంలో గోధుమ వేయించాం. గోధుమ జూన్ చివర, జూలై మొదట్లో కోతకొస్తుంది. జూలై, ఆగస్టుల్లో మట్టిపని, ఆగస్టు చివరినుంచి సెప్టెంబరు దాకా ఫెస్క్యూ గడ్డి విత్తడం. గోధుమ తర్వాత రెండో పంటగా వేసే సోయా ఆ ఏడు కౌలుదారుకు పోతుంది, ఆ నష్టాన్ని కౌలులో తగ్గించాలి, అది న్యాయం.

తవ్వకం ముందు భూమిలోని తీగలు, పైపులు గుర్తుపెట్టించే 811 నంబరుకు ఫోన్ చేయడం తప్పనిసరి. కానీ వాళ్లు గుర్తుపెట్టేది కంపెనీల లైన్లే. బావి మోటారుకు వెళ్లే మీ సొంత కరెంటు తీగ, పొలం నీరు తీసే పాత టైలు పైపులు ఎవరూ గుర్తుపెట్టరు. వాటిని మీరే చూపించాలి.

బంకమట్టి నేలలో కాంట్రాక్టరును ఒక్క విషయంలో కాపు కాయాలి: ముందు ఆరంగుళాల పైమట్టి పక్కకు తీసిపెట్టి, రూపం దిద్దాక తిరిగి పరచాలి. ఇది ధరలో చేరిందా లేదా అన్నది కొటేషన్లో రాయించుకోండి. పరచకపోతే బయటపడ్డ బంక మీద గడ్డి మొలవదు, మొలిచినా వేసవికి మాడుతుంది. విత్తాక ఎకరానికి ఒకటిన్నర, రెండు టన్నుల గోధుమ గడ్డి పరిచి, మట్టిలోకి నొక్కించాలి. నొక్కకపోతే గాలికి కంచె దగ్గరకు చేరుతుంది.

పూర్తయ్యాక పదేళ్లు కాపాడతామని సంతకం ఉంటుంది. మధ్యలో అమ్మితే కొన్నవాళ్లు ఆ బాధ్యత తీసుకోవాలి, లేకపోతే మిగిలిన ఏళ్లకు డబ్బు తిరిగి కట్టాలి. అమ్మకపు ఒప్పందంలో ఈ సంగతి చేర్చకపోతే చిక్కే. పన్నులో కూడా ఒక మెలిక ఉంది. మన వాటా ఖర్చును ఫెడరల్ ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 175 కింద ఆ ఏడాదే ఆదాయంలోంచి తీసేసుకోవాలంటే వ్యవసాయం చేస్తున్నట్టు లెక్కకు రావాలి. పంటలో పాలుకు ఇచ్చిన యజమానికి ఆ వీలుంది. నగదు కౌలుకిచ్చి ఊరుకున్నవాళ్లకు సాధారణంగా లేదు.

గడ్డి కాలువ పాడయ్యేది ఎక్కువగా కౌలుదారు ట్రాక్టరు కింద, కలుపుమందు కింద. స్ప్రేయరు దాటేటప్పుడు మందు ఆపాలి, దుక్కి నాగలి ఎత్తాలి, దాన్ని బాటగా వాడకూడదు. అంచు పొడుగునా సాళ్లు వేస్తే సాలు వెంబడి నీరు పారి, మధ్యలో పచ్చగా ఉన్న కాలువకు రెండు పక్కలా రెండు కొత్త కోతలు పడతాయి. ఇవన్నీ కౌలు పత్రంలో రాసుకున్నాం. గడ్డి కోత జూలై 15 తర్వాతే, అప్పటిదాకా పిట్టలు గూళ్లు పెట్టుకుంటాయి. పెద్దవాన పడ్డాక రైజర్ల చుట్టూ చేరిన చెత్త లాగేయాలి, గట్ల మీద ఉడుతజాతి జంతువులు తవ్విన బొరియలుంటే వెంటనే మట్టి కూరి తొక్కించాలి.